ఆ అమ్మాయికి మీ టెండరులో ఒక వరుస కావాలి

సరిహద్దు జిల్లాల్లో సోలారు పథకాల టెండర్లు రాసే అధికారులకు, ఆ పనులు తీసుకునే కంపెనీల పెద్దలకు నమస్కారం.

నేను ఒడిశాలోని గుణుపురంలో ఉంటాను. ఇంట్లో తెలుగు, బడిలో చదివింది ఒడియా, పనిలో ఆ రెండిటితో పాటు ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల భాష కొంచెం. మా తాతల కాలంలో ఈ ఊళ్లన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాం. వంశధార మాత్రం ఎప్పట్లాగే అటూ ఇటూ పారుతోంది. పదకొండేళ్లుగా నా పని ఒకటే. రాయగడ, గజపతి జిల్లాల కొండ ఊళ్లలో పెట్టిన సోలారు దీపాలు, మంచినీటి పంపులు, బడుల మీది ప్యానెళ్లు ఆగిపోకుండా చూడటం, ఆగితే మనిషిని పంపటం. మొదటి ఆరేళ్లు పానా, మల్టీమీటరు పట్టుకుని నేనే కొండలెక్కాను. ఇప్పుడు ఆరుగురు కుర్రాళ్లను ఎక్కిస్తున్నాను. ఈలోగా కంపెనీలు మూడు మారాయి.

మీ టెండరు కాగితాల్లో 'మెయింటెనెన్స్' అన్న మాటకు ఉన్న అర్థం మార్చమని, ఊళ్లోనే ఉండి బ్యాటరీలు కనిపెట్టుకునే ఒక సవర అమ్మాయిలాంటివాళ్లకు అందులో చోటు ఇమ్మని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎందుకో తెలియాలంటే పోయిన చలికాలం నేను చూసినది మీకు చెప్పాలి.

పుట్టాసింగి వైపు ఒక సవర ఊరు. కొండ మొదటి దాకా బండి, అక్కణ్ణుంచి గంట నడక. దీపాలు వెలగడం లేదని సంతకు వచ్చినవాళ్లు చెబితే ఈసారి నేనే వెళ్లాను. బడి వెనక బ్యాటరీ పెట్టె తాళం తుప్పు పట్టి రాలేదు, పానాతో కొడితే ఊడింది. రెండు వోల్టుల సెల్లు పన్నెండు, అన్నీ వరసగా కలిపి మొత్తం 24 వోల్టుల బ్యాటరీ బ్యాంకు. మూతలు తీసి టార్చి వేశాను. నీళ్లలో మునిగి ఉండాల్సిన ప్లేట్లు పైకి తేలి కనిపిస్తున్నాయి. వాటి అంచులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. వైర్లు బిగించే టెర్మినళ్ల చుట్టూ పచ్చనీలం పొడి పొంగి గట్టిపడింది. పన్నెండు సెల్లలో తొమ్మిదింటిది అదే గతి.

నా సంచిలో ఆ ఊరి కాగితాలు ఉన్నాయి. మూడు నెలలకొకటి, వరసగా నాలుగు. నాలుగింటిలోనూ ఒకే మాటలు: డిస్టిల్డ్ వాటర్ పోశాం, టెర్మినళ్లు శుభ్రం చేశాం, లోడు పరీక్షించాం. కింద వార్డు మెంబరమ్మ వేలిముద్ర. ఆమెను పిలిచి చూపించాను. వేలు కాగితం మీద ఆనించి పోల్చి చూసుకుంది. సగం ఒడియాలో సగం సవరలో చెప్పింది: "నాదే బాబూ. గుణుపురం సంతలో వేయించుకున్నారు. చింతపండు అమ్ముకుంటున్నాను, ఆ కుర్రోడు వచ్చి కరెంటు కాగితం అన్నాడు."

ఆ నాలుగు కాగితాల మీదా వేలిముద్ర పక్కన నా సంతకం కూడా ఉంది. పైకి పంపింది నేనే. బిల్లు పాసయింది కూడా వాటి మీదే.

కుర్రాణ్ని నిలదీశాను గానీ తిట్టడానికి నోరు రాలేదు. విజిట్‌కు ఇచ్చే డబ్బు రోడ్డు పక్క ఊరికీ కొండ మీది ఊరికీ ఒకటే. మూడు నెలల విజిట్లు నెలాఖరుకు పూర్తి కాకపోతే జరిమానా. జులైలో గెడ్డలు, అంటే కొండవాగులు, పొంగితే ఆ ఊరికి దారే ఉండదు, కాగితానికి మాత్రం తేదీ ఆగదు. పైన కూర్చున్నవారు ఎప్పుడూ 'రిపోర్టు వచ్చిందా' అని అడిగారు. 'దీపం వెలిగిందా' అని నన్ను ఒక్కరూ అడిగిన గుర్తు లేదు. అడగని ప్రశ్నకు కొండెక్కి జవాబు తేవాలని ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఎలా తోస్తుంది? అతను చేసింది తప్పే. అయితే ఆ తప్పుకు చోటు పెట్టింది టెండరులోని షరతు. విజిట్ల సంఖ్యకు డబ్బు కట్టినన్నాళ్లూ మీకు అందేవి విజిట్ల కాగితాలే.

లెడ్ యాసిడ్ బ్యాటరీకి కావాల్సింది ఎంతో లేదు. నీరు తగ్గితే చార్జింగు అయ్యాక డిస్టిల్డ్ వాటర్ పోయాలి, యాసిడ్ పోయకూడదు. గెడ్డ నీళ్లు, బోరు నీళ్లు అసలే పోయకూడదు, వాటిలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. పూర్తిగా దిగిపోయిన సెల్‌ను అలాగే వారాల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఎండ కాసినా అది చార్జి తీసుకోదు. నిండా చార్జి ఎక్కిన ఈ రకం సెల్‌లో, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరు 1.240 దరిదాపుల్లో తేలాలి. ఇంతే చదువు. చూసే కన్ను పది రోజులకోసారి పెట్టె దగ్గరికి వెళ్లాలి, అదొక్కటే కష్టం. మూడు నెలలకోసారి వచ్చే కుర్రాడు, నిజంగానే వచ్చినా, ఎండాకాలంలో నీరు అడుగంటిన సెల్‌ను కాపాడలేడు.

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మీ అందరికీ తెలుసు. కోరాపుట్ జిల్లాలోనే, మన రెండు రాష్ట్రాలూ కలిసి కట్టుకున్నది. 1955లో తిరగడం మొదలైన యంత్రాలు ఆ కొండల్లో దశాబ్దాల తరబడి తిరిగాయి. అందులో మాయ లేదు. యంత్రం పక్కనే మనిషికి ఇల్లు కట్టారు. కాలనీ ఉంది, షిఫ్టు ఉంది, స్టోర్సు ఉంది, రాత్రి రెండింటికి బేరింగు కూత పెడితే లేచి వెళ్లే ఆపరేటరు ఉన్నాడు. సోలారు వచ్చేసరికి 'కదిలే భాగాలు లేవు, దానంతటదే పనిచేస్తుంది' అన్నారు. ఆ మాట ప్యానెల్ వరకు చాలావరకు నిజం. బ్యాటరీకి, చార్జింగును అదుపు చేసే కంట్రోలరుకి, పంపుకి, వైర్లను కలిపే కనెక్టరుకి అది వర్తించదు. యంత్రాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి వందల కొండల మీద పరిచారు, మనుషుల్ని మాత్రం తీసుకెళ్లి ఊళ్ల చివర ఆఫీసుల్లో కూర్చోబెట్టారు.

ఇంకొక లెక్క కూడా చూడండి. ప్యానెల్‌కు 25 ఏళ్ల హామీ ఇస్తారు. మెయింటెనెన్స్ ఒప్పందం అయిదేళ్లు. 2017లో మొదలైన సౌభాగ్య అనే ఇంటింటి కరెంటు పథకంలో గ్రిడ్డు అందని ఇళ్లకు అయిదు ఎల్ఈడీ దీపాలు, ఒక ఫ్యాను, ఒక ప్లగ్గు ఇచ్చి, అయిదేళ్ల మరమ్మతు అన్నారు. 2019లో వచ్చిన కుసుమ్ పథకం కింద రైతులకిచ్చే సోలారు పంపులకూ అయిదేళ్లే. లెడ్ యాసిడ్ బ్యాటరీ బాగా చూసుకుంటే సరిగ్గా ఆ దగ్గరికే వస్తుంది. అంటే బ్యాటరీ ప్రాణం పోయే ఏడాదే ఒప్పందం కూడా ముగుస్తుంది. ఆరో ఏడు ఆ ఊరు ఎవరిది? కంపెనీ గడువు తీరిందంటుంది, శాఖ కొత్త పథకం చూసుకుంటుంది, పంచాయతీకి ఆ పద్దే లేదు. 20 ఏళ్లు పనిచేయగల అద్దాలు ఇంటి కప్పు మీద ఎండకు మెరుస్తుంటాయి, కింద కిరోసిన్ బుడ్డి. బాగా వెనకబడిన గిరిజన తెగల కోసం 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద లాంజియా సవరల ఇళ్లకూ, డొంగ్రియా కొంధుల ఇళ్లకూ మళ్లీ సోలారు వస్తోంది. సంతోషం. ఆరో ఏటి మాట ఈసారైనా ముందే రాసి పెట్టండి.

పంపు సంగతి కొంచెం చెబుతాను. ఆర్.ఉదయగిరి దారిలో ఒక ఊరు. అయిదు వేల లీటర్ల ట్యాంకు, దాని మీద ప్యానెళ్లు, కింద నాలుగు కుళాయిలు. ఒకరోజు ఆగింది. బడి మాస్టారు బోర్డు మీది నంబరుకు ఫోను చేస్తే సిస్టమ్ నంబరు చెప్పమన్నారు. ఆ నంబరు రాసిన స్టిక్కరు ఎండకు వెలిసి తెల్లకాగితమైపోయింది. ఫొటో పంపమన్నారు. ఫోనుకు సిగ్నలు రావాలంటే ఆయన గట్టు చివరి దాకా నడవాలి. ఫొటో వెళ్లింది, అనుమతి రావాలి, భాగం పక్క రాష్ట్రం గోదాము నుంచి రావాలి. ఇరవై మూడు రోజులు. చివరికి తేలిందేమిటంటే, రెండు ప్యానెళ్ల నడుమ ఉండే కనెక్టరు ఒకటి కాలింది. మొదటినుంచీ వైరును అందులో సరిగా నొక్కి బిగించలేదు, వాన నీరు దిగి లోపల నల్లబడింది. జత వంద రూపాయల లోపు, గుప్పిట్లో పట్టే వస్తువు. ఆ ఇరవై మూడు రోజులూ ఆడవాళ్లు బిందెలతో గెడ్డకు దిగారు. నా బల్ల సొరుగులో అలాంటి కనెక్టర్లు పది ఉన్నాయి. వాడితే వారంటీ పోతుందని మాకు రాతపూర్వకంగా హెచ్చరిక ఉంది.

స్పేరు ఎంత దూరంలో ఉందన్న ప్రశ్నకు మీ కాగితంలో ఇప్పుడు చోటే లేదు. బ్లాకు కేంద్రంలో ఒక బీరువా చాలు. ఫ్యూజులు, కనెక్టర్లు, ఒక పంపు కంట్రోలరు, రెండు చార్జి కంట్రోలర్లు, పిడుగు తాకిడిని తమ మీద వేసుకుని పోయే సర్జు పరికరాలు, డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు. తాళంచెవి ఒకటి బ్లాకు ఆఫీసులో, ఒకటి టెక్నీషియను దగ్గర. వాడిన భాగానికి పాత భాగం తెచ్చి పెట్టాలి. కిరాణా కొట్టు నడిపేవాడికి కూడా తెలిసిన పద్ధతి ఇది.

మీరు ఇచ్చే షెడ్యూలు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు. కొండ క్యాలెండరు వేరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పోడు కాలుస్తారు. ఆ మసి ప్యానెళ్ల మీద పేరుకుంటుంది, మంచు తడికి అంటుకుని తెల్లారేసరికి పొరలా ఆరుతుంది. తుడిచేది అప్పుడే. పొద్దున్నే, అద్దం చల్లగా ఉండగా, మెత్తటి గుడ్డతో. మధ్యాహ్నం కాగిన అద్దం మీద చన్నీళ్లు కొడితే పగిలే ప్రమాదం. తొలకరి పిడుగులకు ముందు ఎర్త్ గుంతలో నీళ్లు పోసి రెసిస్టెన్సు కొలవాలి, ఎండిన గుంత పిడుగును భూమికి దింపలేదు. తుపాను కాలానికి ముందు ప్రతి క్లాంపు, ప్రతి నట్టు బిగించాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల మీద పడినప్పుడు, నాలుగు క్లాంపులకు బదులు రెండింటితో సరిపెట్టిన ప్యానెళ్లు ఎగిరి పొలాల్లో పడటం నేను చూశాను. పక్కనే నాలుగూ ఉన్నవి నిలబడ్డాయి. జులై విజిట్‌ను తీసేసి, ఆ డబ్బును జూన్ మొదటి వారానికి, దసరా ముందుకూ జరపండి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న మనిషి సంగతి.

ఆ పాడైన బ్యాంకున్న ఊరికి రెండు కొండల అవతల ఇంకో ఊరుంది. అదే కంపెనీ, అదే మోడలు, ఒకే ఏడు పెట్టాం. అక్కడ పన్నెండు సెల్లూ బతికే ఉన్నాయి. కారణం ఒక సవర అమ్మాయి. పదో తరగతి చదివి ఇంటికి వచ్చేసింది. నేను టెక్నీషియనుగా ఉన్నప్పుడు పెట్టె తెరిస్తే పక్కనే నిలబడి చూసేది. ఒకసారి హైడ్రోమీటరు ఆమె చేతికిచ్చాను. రబ్బరు బల్బు నొక్కి వదలడం, గాజు గొట్టంలో బుడ్డి తేలడం, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ గీతల్లో ఎక్కడ ఆగిందో చూడటం ఒక్క పూటలో పట్టేసింది. వెళ్లేటప్పుడు ఆ హైడ్రోమీటరు అక్కడే వదిలి వచ్చాను. కంపెనీ లెక్కలో అది పోయినట్టు రాశాను.

ఆ తర్వాత ఆమె ఒక నోటు పుస్తకం పెట్టింది. ఎడమ పక్క తేదీ, తర్వాత పన్నెండు గడులు, ఒక్కో సెల్‌కు ఒక్కో గడి. అంకెలు ఒడియావి. ఆకుపచ్చకు చుక్క, తెలుపుకు గీత, ఎరుపుకు అడ్డగీత. మూడు వారాలు వరసగా సెల్లన్నీ గీతలోకి దిగితే ఆమె సంతకు వచ్చి నన్ను వెతుక్కుంది. వెళ్లి చూస్తే రెండు సెల్లను కలిపే లింకు బోల్టు వదులైంది. పదమూడు నంబరు స్పానరుతో అర నిమిషం పని. వదిలేసి ఉంటే ఆ ఒక్క బోల్టు మొత్తం బ్యాంకునే కిందికి లాగేది. ఒకసారి ఊళ్లో పెద్దాయన పండక్కి దీపాలు తగ్గుతున్నాయని గెడ్డ నీళ్లు పోయబోతే పెట్టె మీద కూర్చుని లేవలేదట. అలా నాలుగేళ్లు.

ఈ నాలుగేళ్లలో ఆమెకు ఒక్క రూపాయి ఇవ్వలేకపోయాం. ఇవ్వడానికి దారి లేక. టెండరు ప్రకారం టెక్నీషియనుకు ఐటీఐ సర్టిఫికెట్ ఉండాలి, కంపెనీ ఉద్యోగుల జాబితాలో పేరు ఉండాలి. 'ఊరి సంరక్షకురాలు' అన్న పద్దు ఎక్కడా లేదు. నా లెక్క ప్రకారం, ఆ పక్క ఊళ్లో ఎండిపోయిన తొమ్మిది సెల్లు మార్చడానికి అయిన డబ్బుతో, నెలకు రెండు వేల చొప్పున ఆమెకు మూడేళ్లు ఇవ్వొచ్చు. ప్రతి ఊళ్లో ఇలాంటివాళ్లు దొరకరని నాకు ఒక ఇంజినీరుగారు అన్నారు. వెతికితే గదా సార్. బడి వంటలక్క ఉంది, ఆశా కార్యకర్త ఉంది, పొదుపు సంఘం లెక్కలు రాసే అమ్మాయి ఉంది. పన్నెండు గడులు నింపగలిగినవాళ్లు లేని ఊరు నేను చూడలేదు.

వాళ్లకు మనం ఇచ్చే సూచనల కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. పెట్టె మూత మీద అంటించిన హెచ్చరిక కూడా అంతే. ఈ నేల మీద ఆ పని సిగ్గుపడాల్సినది. పర్లాకిమిడిలో పంతులుగా చేసిన గిడుగు రామమూర్తిగారు సవర తెలిసినవాణ్ని ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు, నిఘంటువు కూర్చారు. 1936లో మంగై గొమాంగో సవరకు ఒక లిపినే రూపొందించారు. అంత జరిగిన చోట 'గెడ్డ నీళ్లు పోయకండి' అన్న ఒక్క వాక్యాన్ని సవరలో, ఒడియాలో రాయించలేమా? తెలుగు ఊళ్లలో తెలుగులో? బొమ్మలతోనైనా వేయించండి. టోల్‌ఫ్రీ నంబరుకు అవతల ఈ భాషల్లో ఒక్కటైనా తెలిసిన గొంతు ఉండాలి.

మా కుర్రాళ్ల గురించి కూడా ఒక మాట. పంపు ప్యానెళ్లు ఒక్కొక్కటి నలభై వోల్టుల చొప్పున ఎనిమిది వరసగా కలిపితే మూడు వందలు దాటుతుంది. అది డీసీ, అంటే ఒకే దిక్కుకు పారే కరెంటు. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌ను ఆపే స్విచ్ అంటూ లేదు. పంపు నడుస్తుండగా కనెక్టరు లాగితే రెండు కొసల నడుమ మంట సాగుతూనే ఉంటుంది, ఇంటి కరెంటులా టక్కున ఆరిపోదు. పోయిన ఏడాది మావాడొకడు తొందరలో అలా లాగి కుడి అరచెయ్యి కాల్చుకున్నాడు. ఆ రోజు అతనికి ఇంకా మూడు సైట్లు ఉన్నాయి, అందుకే పంపుకు వెళ్లే కరెంటును తెంచే ఐసొలేటరు దాకా పది అడుగులు వెనక్కి నడవలేదు. పార్వతీపురం ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. బీమా లేదు. గ్లౌజులు ఇచ్చినట్టు సంతకం మాత్రం ఉంది. రోజుకు ఇన్ని సైట్లు అని మీరు కాగితం మీద వేసే అంకె ఇక్కడ ఒకడి చేతి చర్మం అవుతుందని దయచేసి గుర్తుంచుకోండి.

చచ్చిపోయిన బ్యాటరీలు బడి వరండాల్లో పడి ఉన్నాయి. పిల్లలు వాటి మీద కూర్చుంటారు. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి సీసం కోసం పగలగొట్టి, యాసిడ్ అక్కడే వంపేసి పోతారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని తిరిగి తీసుకోవాల్సిన బాధ్యత తయారీదారుది. కొత్త సెల్ ఎక్కించిన బండిలోనే పాతది దిగిరావాలని, లేకపోతే బిల్లు పాసవదని ఒక షరతు పెడితే సరిపోతుంది.

నేను అడిగేది ఇదీ. మెయింటెనెన్స్ డబ్బులో పెద్ద భాగాన్ని విజిట్లకు కట్టకండి, ఆ నెలలో దీపం వెలిగిన రోజులకు, నీళ్లు వచ్చిన రోజులకు కట్టండి. ఆ రోజుల లెక్క ఊళ్లోనే, ఊరి సంరక్షకురాలి పుస్తకంలో ఉండాలి. ఆమెకు టెండరులో ఒక వరుస, నెలకు గౌరవ వేతనం, ఏడాదికి రెండు రోజుల శిక్షణ ఉండాలి. ఆమె పుస్తకం, మా కుర్రాడి కాగితం రెండూ సరిపోలితేనే బిల్లు కదలాలి. అప్పుడు సంతలో వేయించుకున్న వేలిముద్రకు విలువ ఉండదు. కొండ మీది ఊరికి విజిట్ రేటు వేరుగా పెట్టండి. ఆరో ఏటి బ్యాటరీ ఖర్చును మొదటి రోజే పక్కన పెట్టించండి, పథకం ఖర్చులో అది భాగమే.

'ఆ అమ్మాయి తప్పుడు లెక్క రాస్తే?' అని మీలో ఎవరైనా అడగవచ్చు. రాయవచ్చు. కానీ దీపం ఆమె ఇంట్లోనే వెలగాలి, నీళ్లు ఆమె తల్లే తేవాలి. ఆమెకున్న ఆ పట్టుదల నాకు గానీ నా కుర్రాళ్లకు గానీ జీతం వల్ల రాలేదు, రాదు.

ఆమెను అడిగి, ఆ నోటు పుస్తకం మొత్తం జిరాక్సు తీయించి ఈ ఉత్తరంతో పాటు మీ ఆఫీసుకు పంపుతున్నాను. నలభై ఆరు పేజీలు. ఆమె పేరు నేను ఇక్కడ రాయలేదు, మీరు పిలిస్తే తనే వచ్చి చెబుతానంది. పుస్తకంలో రెండో వానాకాలం దగ్గర ఒక పేజీ తడిసి అంకెలు చెదిరాయి, మిగతావన్నీ చదవొచ్చు.

ఇట్లు,
గుణుపురం నుంచి ఒక సైట్ సూపర్‌వైజరు